క్వారీ బురదకు గుంట ఎంత, మొరవ ఎక్కడ?

గ్రానైటు క్వారీల నుంచి వాననీటితో కొట్టుకొచ్చే మట్టిని ఆపే సెటిలింగ్ పాండ్ల గురించి చిత్తూరు, తిరుపతి జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. పనిలో ఉన్నవాళ్లు పిలిచినట్టే ఇక్కడ వాటిని గుంటలనే అంటున్నాం. మొరవ అంటే గుంట నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే దారి, అలుగు.

ప్రశ్న: మాది నాలుగు హెక్టార్ల లీజు. సెటిలింగ్ గుంట చిన్నదైనా పది మీటర్ల లోతు తవ్వితే సరిపోతుందని ఒకరు, లోతు అక్కర్లేదు, స్థలం కావాలని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నిజం? లెక్క ఎలా వేసుకోవాలి?
— క్వారీ మేనేజర్, శాంతిపురం

స్థలం కావాలన్నవారి మాటే నిజం. నీళ్లు గుంటలో ఈ చివర నుంచి ఆ చివరకు పోయేలోగా మట్టి రేణువు అడుగుకు చేరాలి. లోతు రెట్టింపు చేస్తే నీళ్లు రెట్టింపు సేపు ఆగుతాయి, కానీ రేణువు దిగాల్సిన దూరం కూడా రెట్టింపవుతుంది. లాభమేమీ లేదు. నీళ్లు పరుచుకునే వైశాల్యం పెంచితేనే మట్టి దిగుతుంది. లోతు పనికొచ్చేది దిగిన పూడికను దాచుకోవడానికి, అడుగున ఉన్నది మళ్లీ లేవకుండా ఉండటానికి.

మన ఎండలకు కాగిన నీళ్లలో 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు సెకనుకు సుమారు 0.4 మిల్లీమీటర్లు దిగుతుంది. 10 మైక్రాన్లదైతే 0.1 మిల్లీమీటరు. సైజు సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. 2 మైక్రాన్ల బంకమట్టి రేణువు ఒక్క మీటరు దిగడానికి కదలని నీళ్లలోనే దాదాపు మూడు రోజులు తీసుకుంటుంది. అందుకే మామూలు గుంటను 20 మైక్రాన్ల వరకు ఆపేలా కడతారు. అంతకన్నా సన్నదానికి పటిక లాంటిది వేయక తప్పదు.

ఇక మీ నాలుగు హెక్టార్లు. ముందు పైనున్న గుట్ట నీళ్లను మీ లీజులోకి రానివ్వకండి. క్వారీకి, డంపుకు (వేస్టు రాళ్ల కుప్పకు) పైవైపున గార్లాండ్ డ్రెయిన్, అంటే నీళ్లను చుట్టూ మళ్లించే కాలువ తవ్వి ఆ మంచినీళ్లను పక్కనుంచి వంకలోకి పంపేయాలి. ఈ ఒక్క పని చేయకపోతే కింద రాసిన అంకెలన్నీ తప్పుతాయి, గుంట ఇంకా పెద్దది కావాల్సి వస్తుంది. అడుగు వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 60, పక్కలు ఒకటికి ఒకటి వాలు, పొడవునా నూటికి ఒక మీటరు వాలు ఉన్న కాలువ, పైన 15 సెంటీమీటర్లు వదిలేసినా, సెకనుకు సుమారు 0.6 ఘనపు మీటర్లు మోస్తుంది. వాలు అంతకన్నా ఎక్కువైతే కాలువే కోసుకుపోతుంది. అక్కడ వేస్టు రాళ్లు పరవండి. రాయికి మీకు కరువు లేదు కదా.

ఆపైన గంటకు 60 మిల్లీమీటర్ల జోరు వాన అనుకోండి. తవ్విన నేల, డంపు, రోడ్డు కలిపి పడిన వానలో 60 శాతం పారుతుందనుకుంటే, 0.6 × 60 × 4 ÷ 360 = సెకనుకు 0.4 ఘనపు మీటర్లు (360తో భాగించేది మిల్లీమీటర్లు, హెక్టార్ల లెక్కను సెకనుకు ఘనపు మీటర్లుగా మార్చడానికి). దీన్ని 20 మైక్రాన్ల రేణువు దిగే వేగంతో, అంటే సెకనుకు 0.0004 మీటర్లతో భాగించి, 1.2తో గుణిస్తే 1,200 చదరపు మీటర్లు వస్తుంది, మన లెక్కలో ముప్పై సెంట్లు. ఆ 1.2 ఎందుకంటే గుంటలో నీళ్లు ఎప్పుడూ పుస్తకంలో రాసినట్టు నిలకడగా పోవు.

ఆకారం 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు పెట్టుకోండి. పొడవు వెడల్పుకు కనీసం రెండింతలు ఉండాలి, మూడింతలైతే మేలు. వెడల్పు 20 దాటకూడదనడానికి ఇంకో కారణముంది. ఇరవై టన్నుల హిటాచీ చెయ్యి తొమ్మిది, పది మీటర్ల కన్నా ఎక్కువ చాచలేదు. రెండు గట్ల మీద నిలబెట్టి పూడిక తీయాలంటే ఇదే హద్దు. ఒకవైపు గట్టు మీదికే బండి పోతుందంటే వెడల్పు పదికి తగ్గించి పొడవు పెంచండి.

పైనుంచి ఒక మీటరు లోతు నీళ్లలో మట్టి దిగడానికి, దాని కింద 60 సెంటీమీటర్లు పూడికకు. లోపలి గట్టు రెండుకు ఒకటి వాలు (అడ్డం రెండు, నిలువు ఒకటి) పెడితే పై మీటరులో సుమారు 1,050 ఘనపు మీటర్ల నీళ్లు, కింద 480 ఘనపు మీటర్ల పూడిక పడతాయి. అమెరికాలో కట్టడాల స్థలాలకు పెట్టిన పాత కొలత ఎకరానికి 3,600 ఘనపుటడుగులు, మన కొలతలో హెక్టారుకు సుమారు 250 ఘనపు మీటర్లు. నాలుగు హెక్టార్లకు 1,000. పై లెక్క దానికి దగ్గరగానే ఉంది. కానీ మీ పర్యావరణ అనుమతి పత్రం తీసి చదవండి. చాలా పత్రాల్లో సంప్ (నీళ్లు చేరే గుంట) సామర్థ్యం హఠాత్తుగా పడే గరిష్ఠ వానకు పైన 50 శాతం అదనంగా ఉండాలని, గార్లాండ్ డ్రెయిన్ల మూలల్లో పూడిక గుంటలు ఉండాలని రాసి ఉంటుంది. ఆ షరతు ఉంటే మా అంకె కాదు, ఆ అంకే పాటించాలి.

వాన లెక్క మాత్రం మీ మండలంలోని వర్షమాపక కేంద్రం నుంచే తెచ్చుకోండి. కుప్పం, పలమనేరు వైపు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సాయంత్రం ఉరుములతో గంటలో కుమ్మరించి పోయే వాన ఎక్కువ. అక్కడ గుంట వైశాల్యాన్ని తేల్చేది గంట వాన జోరు. తిరుపతి వైపు నవంబరులో వాయుగుండం పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. అక్కడ మొరవ గురించి ఎక్కువ ఆలోచించాలి.

ప్రశ్న: ఆ మొరవ సంగతే అడుగుతున్నాం. తూము పైపు పెద్దది వేస్తే మొరవ లేకుండా సరిపోదా?
— మైనింగ్ డిప్లొమా విద్యార్థులు, తిరుపతి

సరిపోదు. పైపుకు చెత్త అడ్డం పడుతుంది, మొరవకు పడదు. 2021 నవంబరు వానలకు రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్లను ఖాళీ చేయించిన సంగతి మీ ఊళ్లో అందరికీ తెలిసిందే. తరతరాలుగా నిలిచిన చెరువు కట్టకే ఆ పరిస్థితి వస్తే, మొన్న జేసీబీతో పోసిన మట్టిగట్టు మీదుగా నీళ్లు పొర్లితే గంటలో కోసుకుపోతుంది. ఏడాది పట్టి ఆపిన పూడికంతా ఒక్కసారిగా వంకలో పడుతుంది. గుంట లేకపోవడం కన్నా అది చెడ్డది.

పై ప్రశ్నలోని గుంటనే తీసుకోండి. అరుదుగా వచ్చే కుండపోతకు గంటకు 120 మిల్లీమీటర్లు, పారేది 80 శాతం అనుకుంటే సెకనుకు సుమారు 1.07 ఘనపు మీటర్లు. వెడల్పు మొరవ మీద 30 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు పోతుంటే, మీటరు వెడల్పుకు సెకనుకు 0.28 ఘనపు మీటర్లు దాటుతాయి. (1.7 × వెడల్పు × ఎత్తుకు ఒకటిన్నర ఘాతం, ఇదే సూత్రం.) కాబట్టి మొరవ నాలుగు మీటర్లు. దాని మీద గట్టు ఇంకో 50 సెంటీమీటర్లు ఎత్తుండాలి. అంటే మొరవ మట్టం నుంచి గట్టు తల 80 సెంటీమీటర్లు. కొత్త మట్టి కుంగుతుంది కాబట్టి పోసేటప్పుడే పదో వంతు ఎత్తు ఎక్కువ పోయండి.

మొరవను పోసిన గట్టు మీద కాకుండా, పక్కన కదిలించని గట్టినేలలో కోయాలి. రాళ్లు పరిచే ముందు అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ గానీ, కంకర పొర గానీ లేకపోతే రాళ్ల సందుల్లోంచి మట్టి జారి పరుపంతా కుంగుతుంది. చాలాచోట్ల విఫలమయ్యేది ఇక్కడే. రాయి బరువు చూసి ధైర్యపడతారు గానీ కింద ఏముందో చూడరు.

తూము పైపు పని వేరు. వాన వెలిశాక పైనున్న తేట నీళ్లను మెల్లగా వదిలి, తర్వాతి వానకు జాగా చేయడం దాని పని. మన ఉదాహరణలో 63 మిల్లీమీటర్ల కంత ఒక్కటి చాలు, పై మీటరు నీళ్లు సుమారు మూడు రోజుల్లో దిగిపోతాయి. కంత పూడిక మట్టానికి పైనే ఉండాలి. దాని చుట్టూ ఇనుప జల్లెడ, జల్లెడ చుట్టూ 20 నుంచి 40 మిల్లీమీటర్ల కంకర.

ప్రశ్న: మా గుంట అయిదు మీటర్ల లోతు. అయినా మొరవ మీద ఎర్రనీళ్లే పోతున్నాయి. ఇంకా లోతు చేయాలా?
— బంగారుపాళ్యం

వద్దు. ముందు ఒక లీటరు గాజు సీసాలో వాన పడుతుండగానే, గుంటలోకి వచ్చే నీళ్లు పట్టి పెట్టండి. గంటలో తేటపడితే మీ మట్టి మంచిదే, తప్పు గుంట అమరికలో ఉంది. తెల్లారినా టీనీళ్ల రంగులోనే ఉంటే అది బంకమట్టి. గుంట ఎంత పెంచినా దిగదు.

అమరికలో తప్పంటే దాదాపు ఎప్పుడూ ఒకటే. నీళ్లు వచ్చే చోటు, పోయే చోటు దగ్గర దగ్గరగా ఉంటాయి. వచ్చిన నీళ్లు గుంటంతా తిరగవు, అడ్డదారిన నేరుగా మొరవకు పోతాయి. మిగతా గుంట నిండా పాత నీళ్లు ఊరికే నిలిచి ఉంటాయి. పిడికెడు రంపపుపొట్టు నీళ్లు వచ్చే చోట చల్లి, మొరవకు చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూస్తే తెలిసిపోతుంది. తిప్పడానికి అడ్డుతెరలు కట్టండి. పోతుకర్రలు రెండు మీటర్లకొకటి నాటి, కొబ్బరిపీచు వలను రెండు పొరలుగా గుంట అడ్డంగా గట్టు నుంచి గట్టుకు బిగించాలి. ఇలాంటివి మూడు, పొడవును నాలుగు భాగాలు చేసేలా. నీళ్లు పీచు సందుల్లోంచి వెడల్పంతా సమానంగా పరుచుకుని పోతాయి. తెర తల మొరవ మట్టానికి కాస్త కిందే ఉండాలి, పైకి ఉంటే జోరు వానకు తెరే తెగుతుంది. పీచు ఏడాది, రెండేళ్లలో చివికిపోతుంది కాబట్టి అక్టోబరుకు ముందు చేత్తో లాగి చూసుకోవాలి.

ఇంకొకటి, నీళ్లు గుంటలోకి ఎత్తు నుంచి దూకుతున్నాయేమో చూడండి. దూకితే దిగిన పూడిక మళ్లీ లేస్తుంది. వచ్చే చోట రాతి మెట్లు పెట్టి, ముందు ఒక చిన్న గుంట కట్టండి. పెద్దగుంట పరిమాణంలో పదో వంతు నుంచి అయిదో వంతు చాలు. ముతక ఇసుకంతా అక్కడే పడుతుంది, జేసీబీతో పూట పనిలో ఎత్తేయవచ్చు.

అసలు గుంటకు చేరే మట్టినే తగ్గించాలి. డంపు కింద రాతి గోడ, డంపు వాలు మీద వట్టివేరు వరసలు, కాలువల్లో 30 సెంటీమీటర్ల ఎత్తు రాతి అడ్డుకట్టలు. కాలువ వాలు నూటికి రెండు మీటర్లయితే వాటి మధ్య దూరం 15 మీటర్లు. కింది కట్ట తల, పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉండాలన్నదే లెక్క. కట్ట నడుమ భాగం పక్కల కన్నా పల్లంగా పెట్టకపోతే నీళ్లు కట్టను చుట్టి ఒడ్డు కోస్తాయి.

ప్రశ్న: గుంటలో దోమలు. గంబూసియా చేపలు వదలవచ్చా?
— పలమనేరు

మూడు రోజుల్లో నీళ్లు దిగిపోయే గుంటలో దోమ పెరగదు. లార్వా దోమ కావడానికి దాదాపు వారం కావాలి. దోమలున్నాయంటే ముందు మీ తూము కంత మూసుకుపోయిందేమో చూడండి. జల్లెడ కడగండి. ఆ చేప మొరవ పోయినప్పుడు ఊరి చెరువులోకి చేరి అక్కడి చిన్న చేపలను, కప్పపిల్లలను తినేస్తుంది. వదలకండి.

ప్రశ్న: గుంట కట్ట కింద పైపు పక్కనుంచి సన్నగా నీళ్లు ఊరుతున్నాయి. బయటివైపు సిమెంటు పూస్తే ఆగుతుందా?
— గుడిపాల

పూయకండి. బయటివైపు మూస్తే ఆ నీళ్లు కట్ట లోపలే ఒత్తిడి పెంచుకుని ఇంకోచోట బయటపడతాయి.

ఊరే నీళ్లను ఒక గాజు గ్లాసులో పట్టండి. తేటగా ఉండి, రోజు రోజుకూ పెరగకుండా ఉంటే కొంత తీరిక ఉంది. గ్లాసు అడుగున మట్టి దిగితే కట్ట లోపల నుంచి కోసుకుపోతోందని అర్థం, అదే రోజు నీళ్లు తోడేయాలి. తోడేటప్పుడు పంపు పీల్చే చివరను ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ముకు కట్టి నీటి పైభాగంలో తేలనివ్వండి, అడుగు బురద పోదు. కట్ట కింద మనుషులను, బండ్లను ఉంచకండి. ఈలోగా ఊరే చోట ముందు ముతక ఇసుక 30 సెంటీమీటర్లు, దాని మీద చిన్న కంకర, ఆపైన పెద్ద రాయి పోయండి. నీళ్లు వస్తాయి, మట్టి రాదు. అక్కడ కావలసింది అదే.

గుంట ఎండాక పైపు పొడవునా తవ్వి మళ్లీ వేయాలి. పైపు పక్కన రోలర్ తిరగదు, కూలీలు కాళ్లతో తొక్కి వదిలేస్తారు, అక్కడే సందు మిగులుతుంది. పైపు చుట్టూ 10 సెంటీమీటర్ల పొరలుగా తేమమట్టి వేసి చేతి దిమ్మిసతో కొట్టాలి. తేమ ఎంతంటే పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, చేతికి తడి అంటకూడదు. కట్ట వెడల్పులో బయటివైపు మూడో వంతు దగ్గర పైపు చుట్టూ కడిగిన ఇసుక వడపోత గోడ కట్టి, దాని నీళ్లను బయటికి వదిలే దారి పెట్టండి. మిగతా కట్టను 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా రోలర్ చేయాలి. కట్ట మధ్యన కింద గట్టినేల తగిలేదాకా ఒక కీ ట్రెంచ్ తవ్వి మంచి బంకమట్టితో నింపాలి. పాత నేల మీద గడ్డి, వేళ్లు, వదులు మట్టి తీయకుండా కట్ట పోస్తే నీళ్లు అడుగునుంచే దారి చేసుకుంటాయి.

కట్టకు వాడే మట్టిని ఒకసారి పరీక్షించుకోండి. బఠాణీ గింజంత ఎండుగడ్డను కదపకుండా ఒక గ్లాసు వాననీళ్లలో వదలండి. గడ్డ ఊరికే విరిగిపోతే ఫర్వాలేదు. గడ్డ చుట్టూ పాలపొగలాగా మబ్బు కమ్మితే ఆ మట్టి కట్టకు పనికిరాదు, నీళ్లు తగలగానే కరిగి సొరంగాలు పడుతుంది. బోరునీళ్లతో చూస్తే తప్పుడు ఫలితం వస్తుంది, వాననీళ్లు గానీ డిస్టిల్డ్ వాటరు గానీ వాడాలి.

సర్కారు తుమ్మ మొలిస్తే పిలకప్పుడే పీకండి. పెద్దయ్యాక నరికితే వేరు కుళ్లి కంత మిగులుతుంది. ఎండ్రకాయల బొరియలు, ఎలుక బొరియలు, చెదపుట్టలు కూడా ఇంతే. తవ్వి, తడిపి, మళ్లీ దిమ్మిస కొట్టాలి.

ప్రశ్న: మా చెరువులోకి పైన క్వారీల నించి తెల్లనీళ్లు వస్తా ఉండాయి. అడుగున సుద్ద మాదిరి పేరుకొనింది. ఆ నీళ్లే మడికి పారిస్తా ఉండాం. పంటకు చెడుపా? యెవురికి చెప్పుకోవాల?
— రైతు, గంగాధరనెల్లూరు మండలం

అన్నా, ఆ తెల్లదనం ఎక్కువగా గ్రానైటు పొడి: పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం. అది విషం కాదు. చెడుపు ఇంకోరకంగా చేస్తుంది. సన్నపొడి మడి మీద పొరగా పరుచుకుని ఎండితే గట్టి పెచ్చు కడుతుంది. నీళ్లు లోపలికి ఇంకవు, మొలక పైకి రాలేదు. నారుమడి ఆకుల మీద పట్టేస్తే నారు తెల్లబోతుంది. చెరువు అడుగున పేరుకుంటే చెరువు పట్టే నీళ్లు తగ్గుతాయి, కింది బావుల్లోకి ఊట కూడా తగ్గుతుంది. డీజిలు, గ్రీజు వాసన గానీ, నీళ్ల మీద రంగుల తెట్టు గానీ కనిపిస్తే అది వేరే సంగతి. ఆ నీళ్లు పశువులకు పెట్టకండి.

మీరు చేసుకోగలిగింది: పారుకాలువ మడిలోకి తిరిగే చోట మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడవు, అర మీటరు లోతున చిన్న గుంట తీయండి. ముతక పొడి అక్కడ పడుతుంది. సన్నది పడదు. దాన్ని ఆపాల్సింది పైన, క్వారీలో.

చట్టం ప్రకారం వంకలోకి, చెరువులోకి వదిలే నీళ్లలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. సాగునేలకు వదిలే నీళ్లకైతే 200. వాన పడి నీళ్లు పారుతుండగానే క్వారీ బయటికి నీళ్లు వచ్చే చోట శుభ్రమైన లీటరు సీసాలో పట్టండి. అంతకు పైన, క్వారీ నీళ్లు కలవక ముందు, వంకలో ఇంకో సీసా పట్టండి. ఈ రెండో సీసా లేకపోతే మట్టి వంకలోనే ఉందని అనేస్తారు. తేదీ, సమయం సీసా మీద రాసి, ఫొటో తీసి, అదే రోజు ల్యాబుకు ఇవ్వండి. అర్జీ తిరుపతిలోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒకటి, గనుల శాఖకు ఒకటి, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒకటి. క్వారీ పర్యావరణ అనుమతి పత్రం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో వెతకవచ్చు. అందులో సెటిలింగ్ గుంట షరతు ఉంటే ఆ పేజీ అర్జీకి జతచేయండి. షరతు నంబరు వేసి రాసిన అర్జీని పక్కన పెట్టేయడం కష్టం.

ప్రశ్న: వైర్ సా (రాయి కోసే తీగ రంపం) కోత స్లర్రీని, అంటే రాతిపొడి కలిసిన నీళ్లను కూడా వాననీళ్ల గుంటలోకే వదులుతున్నాం. తప్పా?
— కుప్పం

తప్పే. స్లర్రీ రోజూ వచ్చేది, వాన ఎప్పుడో వచ్చేది. ఎండాకాలమంతా స్లర్రీతో గుంట నిండి, అక్టోబరు వానకు చోటుండదు. పైగా తాజా స్లర్రీ పొడి తేలికగా లేచిపోతుంది. కోత దగ్గరే మూడు గదుల సిమెంటు తొట్టి వరసగా కట్టి, మూడో గది నీళ్లను మళ్లీ కోతకే వాడండి. మొదటి గది పక్కన ఎండబెట్టే చిన్న కళ్లం ఉండాలి. ఎండిన ముద్దను గాలికి వదిలితే ఊరంతా దుమ్ము. కొంచెం తడిగా ఉండగానే ఎత్తి, టార్పాలిన్ కప్పి తరలించండి. ఇటుకలు, పేవర్ బ్లాకులు చేసేవాళ్లు కొంత కలుపుకుంటారు, అడిగి చూడండి.

ప్రశ్న: పటిక ఎంత వేయాలి? మా పెద్దవాళ్లు చిల్లగింజలు చాలంటున్నారు.
— క్వారీ సూపర్‌వైజర్, చిత్తూరు

చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే నీళ్లు తేటపడతాయి, పెద్దవాళ్ల మాట నిజమే. వెయ్యి ఘనపు మీటర్లంటే పది లక్షల లీటర్లు. అన్ని గింజలు ఎవరు అరగదీస్తారు?

పటిక కొలత మీ నీళ్లే చెప్పాలి. లీటరు నీళ్లలో 10 గ్రాముల పటిక కరిగించండి. ఈ ద్రావణం ఒక మిల్లీలీటరు, లీటరు బురదనీళ్లలో వేస్తే 10 మిల్లీగ్రాముల మోతాదు. అయిదు గాజు సీసాల్లో 2, 4, 6, 8, 10 మిల్లీలీటర్లు వేయండి. ఏమీ వేయని ఆరో సీసా పక్కన పెట్టండి. నిమిషం గట్టిగా, పది నిమిషాలు మెల్లగా కలిపి అరగంట వదిలేయండి. తేటపడిన సీసాల్లో అన్నిటికన్నా తక్కువ మోతాదు ఏదో అదే మీది. అది 40 మిల్లీగ్రాములైతే వెయ్యి ఘనపు మీటర్లకు 40 కిలోలు. మోతాదు మించితే మళ్లీ మసకబారుతుంది, కాబట్టి నాలుగు గుప్పిళ్లు ఎక్కువ వేస్తే మేలు అనుకోకండి.

పటిక నీళ్లను పులుపు చేస్తుంది. బోరునీళ్లకు తట్టుకునే గుణం ఉంటుంది, వాననీళ్లకు తక్కువ. పీహెచ్ కాగితంతో చూసి 6.5 కన్నా దిగితే సున్నం తేట కలపాలి, దాన్ని కూడా సీసాలోనే ముందు తేల్చుకోండి. పులుపు నీళ్లలో కరిగిన అల్యూమినియం చేపలను చంపుతుంది. గడ్డలను గుంటలో విసరడం డబ్బు దండగ. డ్రమ్ముల్లో కరిగించి, నీళ్లు సుడి తిరిగే రాక దగ్గర సన్నధారగా పోయాలి. వాన వెలిశాక నిలిచిన గుంటకైతే పంపుతో పైనంతా చల్లాలి. గ్లాసులో పాలపొగ కమ్మిన రకం మట్టికి పటిక కన్నా జిప్సం నయం. నిలిచిన నీళ్లు 100 ఘనపు మీటర్లకు సుమారు 30 కిలోల మెత్తని పొడితో మొదలుపెట్టి, పైన సమానంగా చల్లండి. పాలిమర్ (మట్టి రేణువులను ముద్దకట్టించే రసాయనం) అమ్మేవాళ్లు వస్తే అది కేటయానికా (ధనావేశం ఉన్నదా), యానయానికా (ఋణావేశం ఉన్నదా) అని అడగండి. కేటయానిక్ చేపల మొప్పలకు పట్టేస్తుంది, మొరవ ఊరి చెరువులోకి పోయే చోట వద్దు.

ప్రశ్న: పూడిక ఎప్పుడు తీయాలి, తీసింది ఎక్కడ పోయాలి?
— పేరు వద్దన్న పాఠకులు, తిరుపతి జిల్లా

గుంట మధ్యలో ఒక పైపు నాటి సెంటీమీటర్ల గీతలు వేసి, పూడికకు వదిలిన 60 సెంటీమీటర్లలో సగం దగ్గర ఎర్రగీత గీయండి. పూడిక ఆ గీతను తాకితే నెల చూడక్కర్లేదు, తీయాల్సిందే. మామూలుగా ఏప్రిల్, మే నెలల్లో గుంట ఎండినప్పుడు ఒకసారి, ఈశాన్య వానలకు ముందు సెప్టెంబరులో ఇంకోసారి చూసుకుంటే చాలు. రోజులో 25 మిల్లీమీటర్లు దాటిన ప్రతి వాన తర్వాతా జల్లెడ, మొరవ రాళ్లు, కట్ట బయటి పాదం చూసి రిజిస్టరులో రాయాలి. ముందు చిన్నగుంటను మాత్రం వానల మధ్యలో కూడా ఎత్తుతుండాలి.

480 ఘనపు మీటర్లు నిండా తీస్తే, పది ఘనపు మీటర్ల టిప్పరుకు యాభై ట్రిప్పుల దాకా అవుతుంది. తడిబురదను టిప్పరులో వేస్తే దారంతా కారుతుంది. గట్టు పక్కన, నీళ్లు మళ్లీ గుంటలోకే వంపిన చోట, రెండు మూడు వారాలు ఆరనివ్వండి. హిటాచీ డ్రైవరుకు పాత అడుగు ఎక్కడుందో తెలియాలి, లేకపోతే ఇంకొంచెం మంచిదని కట్ట పాదమే తవ్వేస్తాడు. కట్టేటప్పుడు అడుగున ఒక వరస తెల్లరాళ్లు పరిచి ఉంచితే బకెట్టుకు రాయి తగలగానే ఆపుతాడు. ఎండిన పూడికను డంపు అంచున కాకుండా నడుమ పోసి చదును చేయండి, పైన వేపమొక్కలో, కానుగ మొక్కలో పెట్టవచ్చు. పటిక వేసిన పూడిక పొలాలకు ఇవ్వకండి. గుంట చుట్టూ కంచె, రెండు వైపులా బయటికెక్కే తాడు నిచ్చెనలు ఉండాలి. ఎండిన పెచ్చు మీద నడవవచ్చు అనిపిస్తుంది గానీ కింద మీటరు బురద ఉంటుంది. పూడిక తీసే రోజు మనిషిని దాని మీదికి ఒంటరిగా దింపకండి.